పాత డెస్క్‌టాప్‌కి ఇంటి వైఫై: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత డెస్క్‌టాప్ బాగానే పనిచేస్తుంటే పారేయడానికి చేతులు రావు. అలాగని నెట్ లేకపోతే దానితో పెద్దగా పనీ ఉండదు. అందుకే చుట్టాలూ స్నేహితులూ ఏళ్ల తరబడి నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. మొదటి నుంచి చివరి దాకా చదవక్కర్లేదు. మీ ఇబ్బంది ఏ ప్రశ్నలో ఉందో అది చదివితే చాలు.

## కొనకముందు

మా సిస్టమ్‌లో వైఫై గుర్తే కనిపించట్లేదు. ఏమైనా పాడైందా?

చాలావరకు ఏమీ పాడవలేదు, అందులో అసలు వైఫై లేదంతే. లాప్‌టాప్‌లలో వైఫై చాలా ఏళ్లుగా లోపలే వస్తోంది. డెస్క్‌టాప్‌లను మాత్రం చాలాకాలం లాన్ కేబుల్ పెట్టి వాడతారనే లెక్కతోనే తయారు చేశారు. తేల్చుకోవాలంటే విండోస్‌లో డివైస్ మేనేజర్ (సిస్టమ్‌లోని పరికరాల జాబితా) తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్ అన్న వరుస చూడండి. అక్కడ వైర్‌లెస్, వైఫై, 802.11 అనే మాటల్లో ఏదైనా ఉంటే వైఫై ఉన్నట్టే. ఈథర్నెట్, గిగాబిట్ లాంటి పేర్లు మాత్రమే ఉంటే అది లాన్ పోర్టు. సీపీయూ డబ్బా వెనక బంగారు రంగులో, మర ఉన్న చిన్న గొట్టాలు రెండు కనిపిస్తే అక్కడ ఎవరో ముందే వైఫై కార్డు బిగించారని అర్థం. దానికి యాంటెనాలు మాత్రమే లేకపోయి ఉండొచ్చు.

డాంగిల్ (యూఎస్‌బీ పోర్టుకి పెట్టే చిన్న వైఫై పరికరం) కొనాలా, లోపల బిగించే కార్డు కొనాలా?

ఎక్కువమందికి నేను డాంగిలే చెబుతాను. డబ్బా విప్పే పని ఉండదు, రేపు ఈ సిస్టమ్ పోయినా ఇంకోదానికి పెట్టుకోవచ్చు. కార్డు నిలకడగా పనిచేస్తుంది, వేడికి తట్టుకుంటుంది, వేగమూ ఎక్కువే. రోజంతా వీడియో కాల్స్ మీద ఉండేవాళ్లకి అదే నయం. కానీ దాని యాంటెనాలు ఇనుప డబ్బా వెనక, గోడ వైపు ఉండిపోతాయి. అంటే సిగ్నల్‌కి అంతకన్నా చెడ్డ చోటు ఇంకోటి ఉండదు. డాంగిల్‌నైతే ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదికి తెచ్చుకోవచ్చు. కార్డే కావాలంటే యాంటెనాలు విడిగా వైరుతో బయటికి వచ్చే రకం చూసుకోండి.

డబ్బా మీద ఎన్150, ఏసీ600, ఏసీ1200 అని ఉంటాయి. ఆ అంకెలేంటి?

అక్షరం తరాన్ని చెబుతుంది, అంకె వేగాల మొత్తాన్ని చెబుతుంది. ఈ రకాలు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే బ్యాండ్ల (రేడియో దారుల) మీద నడుస్తాయి. ఏసీ600 అంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద 150, 5 గిగాహెర్ట్జ్ మీద 433 ఎంబీపీఎస్, ఆ రెండూ కలిపి పైకి సవరించిన అంకె. ఏసీ1200 అంటే 300, 867. మెలిక ఎక్కడుందంటే, డాంగిల్ ఒక సమయంలో ఒక్క బ్యాండ్ మీదే కలుస్తుంది. కాబట్టి ఆ మొత్తం ఎప్పటికీ రాదు. ఆ ఒక్క బ్యాండ్ వేగం కూడా కాగితం మీది లెక్కే, చేతికి అందేది అందులో దాదాపు సగం.

నా సలహా: రెండు బ్యాండ్లూ ఉండి, బయటికి యాంటెనా కనిపించే ఏసీ600 గానీ ఏసీ1200 గానీ తీసుకోండి. ఎన్150 చవకే, కానీ 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంటుంది. చుట్టూ పది ఇళ్ల రూటర్లు ఉన్నచోట అది నీరసపడుతుంది. గోరంత సైజు నానో డాంగిల్స్ చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ, డెస్క్‌టాప్ వెనక పెడితే సగం సిగ్నల్ ఆ ఇనుప డబ్బాకే పోతుంది.

మా దాంట్లో యూఎస్‌బీ 2.0 పోర్టులే ఉన్నాయి. యూఎస్‌బీ 3.0 డాంగిల్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది, వేగమే తగ్గుతుంది. యూఎస్‌బీ 2.0 గరిష్ఠం 480 ఎంబీపీఎస్, వాడుకలో 300 దాటడం అరుదు. మీ ఇంటి కనెక్షన్ 100 ఎంబీపీఎస్ అయితే ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు. పోర్టు లోపల నీలం రంగు ఉంటే సాధారణంగా అది 3.0, నలుపో తెలుపో ఉంటే 2.0. ఇంకా వెనకటి యూఎస్‌బీ 1.1 అయితే 12 ఎంబీపీఎస్‌తోనే సరి, దానికి డాంగిల్ కొనడం దండగ.

కార్డు మా మదర్‌బోర్డుకి సరిపోతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

పక్క తలుపు తీసి స్లాట్లు చూడాలి. రెండు రకాలుంటాయి, ఒకదాని కార్డు ఇంకోదాంట్లో దూరదు. పాత పీసీఐ స్లాట్ పొడవుగా, ఎక్కువగా తెల్లగా ఉంటుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో చిన్నది, అంటే ఎక్స్1, సుమారు 25 మిల్లీమీటర్లుంటుంది. గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఎక్స్16 స్లాట్ 89 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే వైఫై కార్డులు దాదాపు అన్నీ ఎక్స్1 రకమే. ఎక్స్1 కార్డు ఖాళీగా ఉన్న ఎక్స్16 స్లాట్‌లో కూడా హాయిగా పనిచేస్తుంది. ఇది తెలియక స్లాట్ లేదనుకుని వదిలేసినవాళ్లు ఉన్నారు.

సీపీయూ డబ్బా సన్నటి రకమైతే కార్డుతోపాటు పొట్టి బ్రాకెట్ ఇస్తున్నారో లేదో చూసుకోండి. కార్డులో బ్లూటూత్ కూడా ఉంటే దానికి మదర్‌బోర్డు మీద 9 పిన్నుల యూఎస్‌బీ హెడర్ ఒకటి ఖాళీగా ఉండాలి. ఆ వైరు పెట్టకపోతే వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు.

వైఫై 6 రూటర్ ఉంది. డాంగిల్ కూడా వైఫై 6 ఉండాలా?

అక్కర్లేదు. కొత్త రూటర్లు పాత పరికరాలనూ కలుపుకుంటాయి. పైగా వైఫై 6 అడాప్టర్ల (డాంగిల్స్, కార్డుల) డ్రైవర్లు, అంటే వాటిని సిస్టమ్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్, ఎక్కువగా 64 బిట్ విండోస్ 10, 11కే వస్తాయి. ఉదాహరణకు ఇంటెల్ ఏఎక్స్210 కార్డుకి విండోస్‌లో 64 బిట్ 10 గానీ 11 గానీ ఉండాలి, లినక్స్‌లో కెర్నల్ (దాని మూల భాగం) 5.10 నుంచి పైది ఉండాలి. పాత సిస్టమ్‌కి వైఫై 5, అంటే ఏసీ రకం, సరైన జోడీ.

మాది విండోస్ 7. డబ్బా మీద విండోస్ 10, 11 అని మాత్రమే ఉంది. కొనొచ్చా?

తయారీదారు సైట్‌లో ఆ మోడల్ సపోర్ట్ పేజీకి వెళ్లి విండోస్ 7 డ్రైవర్ ఉందో లేదో చూశాకే కొనండి. మోడల్ పేరు ఒక్కటే చూస్తే చాలదు, దాని పక్కన ఉండే వెర్షన్ కూడా చూడాలి. అదే పేరుతో, అదే డబ్బాలో, వీ1లో ఒక చిప్పు, వీ2లో ఇంకో చిప్పు పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. ఒకదానికి డ్రైవర్ ఉంటుంది, రెండోదానికి ఉండదు.

ఇంకో సంగతి. విండోస్ 7 చాలాకాలంగా అప్‌డేట్ కాకపోతే కొత్త డ్రైవర్ల డిజిటల్ సంతకాన్ని అది నమ్మదు, కోడ్ 52 చూపిస్తుంది. 2019లో వచ్చిన ఎస్‌హెచ్‌ఏ-2 అప్‌డేట్ వేస్తే ఆ చిక్కు పోతుంది.

ఎక్స్‌పీ సిస్టమ్‌ని వైఫైకి కలపొచ్చా?

కలపొచ్చు, కానీ ఎందుకు కలుపుతున్నారో ఒకసారి ఆలోచించండి. సర్వీస్ ప్యాక్ 3 ఉంటే డబ్ల్యూపీఏ2 రకం భద్రత ఉన్న వైఫైకి కలుస్తుంది. ఎక్స్‌పీ డ్రైవర్ ఉన్న డాంగిల్ మాత్రం పాతవాటిలో వెతుక్కోవాలి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది, ఇప్పటి సైట్లు చాలావరకు దాంట్లో తెరుచుకోవు కూడా. ఇంట్లో ఫైళ్లు అటూ ఇటూ పంపుకోడానికో, పాత ప్రింటర్ నడపడానికో అయితే సరే. బ్యాంకు పనులు, పాస్‌వర్డులు దాని దరిదాపుల్లోకి రానివ్వకండి.

లినక్స్ వేద్దామనుకుంటున్నా. ఏ డాంగిల్ తీసుకుంటే తలనొప్పి ఉండదు?

లినక్స్‌లో బ్రాండ్ కన్నా లోపలి చిప్పు ముఖ్యం. కెర్నల్‌లోనే డ్రైవర్ ఉన్న చిప్పు అయితే పెట్టగానే వస్తుంది, మీరు ఏమీ చేయనక్కర్లేదు. మీడియాటెక్ ఎంటీ7610యూ, ఎంటీ7612యూ చిప్పులకు 4.19 నుంచి కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ చాలనుకుంటే అథెరోస్ ఏఆర్9271 ముసలిదైనా నమ్మకమైనది. రియల్‌టెక్ యూఎస్‌బీ చిప్పులు చాలాటికి బయటి నుంచి డ్రైవర్ కోడ్ తెచ్చి మనమే కంపైల్ చేయాల్సి (పనిచేసే ప్రోగ్రాముగా మార్చాల్సి) వచ్చేది. అలా వేసినవి కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఆగిపోయేవి. 6.2 కెర్నల్ నుంచి వాటిలో కొన్నిటికి పరిస్థితి మెరుగుపడింది. చిప్పు పేరు డబ్బా మీద ఉండదు. మోడల్ పేరు, వెర్షన్ కలిపి నెట్‌లో వెతికితే దొరుకుతుంది.

డాంగిల్, కార్డు రెండూ లేకుండా వేరే దారి ఏమైనా ఉందా?

ఉంది, అందులో ఒకటి నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి.

మొదట లాన్ కేబుల్ సంగతి. రూటర్ పక్క గదిలోనే ఉంటే గోడ వారగా ఒక క్యాట్5ఈ కేబుల్ లాగేయండి. 100 మీటర్ల దాకా ఏ ఇబ్బందీ ఉండదు. డ్రైవర్ గొడవ లేదు, సిగ్నల్ గొడవ లేదు. వైఫైయే కావాలని పట్టుబట్టేవాళ్లలో సగం మందికి నిజానికి కావాల్సింది ఇదే.

కేబుల్ లాగడం కుదరకపోతే లాన్ పోర్టు ఉన్న వైఫై రిపీటర్ కొనండి, లేదా మూలపడి ఉన్న పాత రూటర్‌ని క్లయింట్ మోడ్‌లోనో బ్రిడ్జ్ మోడ్‌లోనో పెట్టండి. అది ఇంటి వైఫైని గాలిలో అందుకుంటుంది, దాని నుంచి డెస్క్‌టాప్‌కి చిన్న లాన్ కేబుల్ వెళ్తుంది. డెస్క్‌టాప్‌కి మాత్రం తనకి మామూలు కేబుల్ పెట్టారనే తెలుసు. కాబట్టి అది ఎక్స్‌పీ అయినా, లినక్స్ అయినా, ఇంకేదైనా సరే, వైఫై డ్రైవర్ అడగదు. డాంగిల్ డ్రైవర్ కోసం రెండు రోజులు వెతికి విసిగిపోయినవాళ్లకు ఇది పది నిమిషాల పని. పాత రూటర్‌లో ఆ మోడ్ ఉందో లేదో దాని సెట్టింగ్స్ పేజీలో ముందే చూసుకోండి, అన్నిటిలో ఉండదు.

ఒకపూట పనికైతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు. ఫోన్ వైఫైలో ఉంటే ఆ వైఫైనే సిస్టమ్‌కి అందిస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు.

## బిగించేటప్పుడు

డ్రైవర్ కావాలంటే నెట్ ఉండాలి, నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి. ఇదెక్కడి గొడవ?

ఈ ముడి విప్పడానికి మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. యూఎస్‌బీ కేబుల్‌తో ఫోన్‌ని సిస్టమ్‌కి పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. విండోస్ 7 నుంచి పైవాటిలో, లినక్స్‌లో చాలావరకు ఏ డ్రైవరూ వేయకుండానే నెట్ వచ్చేస్తుంది. దాంతో డాంగిల్ డ్రైవర్ దించుకోండి. లేదా ఇంకో కంప్యూటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. అలా తెచ్చేటప్పుడు మీ విండోస్ 32 బిట్టా 64 బిట్టా అన్నది ముందే చూసుకోవాలి, కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో రాసి ఉంటుంది.

డబ్బాలో వచ్చే సీడీ మీద ఆశ పెట్టుకోకండి. సగం సిస్టమ్‌లలో సీడీ డ్రైవ్ పనిచేయదు, పనిచేసినా అందులో ఉండేది పాత డ్రైవర్.

డాంగిల్ పెడితే వైఫై రాలేదు గానీ, కొత్తగా ఒక సీడీ డ్రైవ్ కనిపిస్తోంది. ఇదేంటి?

కంగారు అక్కర్లేదు, అది డాంగిలే. కొన్ని డాంగిల్స్ తమ డ్రైవర్‌ని తమలోనే దాచుకుని, మొదటిసారి పెట్టినప్పుడు సీడీ లాగా కనిపిస్తాయి. ఆ సీడీ తెరిచి సెటప్ ఫైలు నడిపితే డ్రైవర్ పడి, వైఫైగా మారతాయి. లినక్స్‌లో అయితే ఆ సీడీని ఎజెక్ట్ చేసి చూడండి, చాలాసార్లు అంతటితోనే మారిపోతుంది. మారకపోతే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ వేయాలి.

డాంగిల్ ముందు పోర్టులో పెట్టాలా, వెనక పోర్టులోనా?

కరెంటు పరంగా వెనక పోర్టు మంచిది, అది నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటుంది. ముందు పోర్టు లోపల సన్నటి వైరు మీదుగా వస్తుంది, పాతబడిన సిస్టమ్‌లలో అది వదులై ఉండొచ్చు. సిగ్నల్ పరంగా చూస్తే లెక్క తలకిందులు. వెనక పెడితే డాంగిల్‌కి ఒకవైపు ఇనుప డబ్బా, ఇంకోవైపు గోడ, మధ్యలో వైర్ల చుట్ట. రెండు లాభాలూ కావాలంటే వెనక పోర్టుకి ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి, డాంగిల్‌ని బల్ల మీద, రూటర్ వైపు కనపడేలా ఉంచండి.

మా ఇంట్లో సీపీయూ బల్ల కింద ఉండేది. సిగ్నల్ రెండు గీతలకి మించేది కాదు. రూటర్‌ని తిట్టుకుంటూ దాని చోటు మూడుసార్లు మార్చాను. చివరికి ఒక మీటరు కేబుల్‌తో డాంగిల్ బల్ల మీదికి వచ్చాక నాలుగు గీతలూ నిండాయి. ఆ కేబుల్ అప్పటికి ఏడాదిగా నా సొరుగులోనే ఉంది.

యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి పెట్టిన హార్డ్ డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో గోల పుట్టిస్తాయి. ఇది 2012లో ఇంటెల్ స్వయంగా రాసి చూపించిన విషయం. డాంగిల్ పక్క పోర్టులో ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంటే దూరం జరపండి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కి మారండి.

కార్డు నేనే బిగించుకోవచ్చా? భయంగా ఉంది.

ఒక స్క్రూడ్రైవర్, ఇరవై నిమిషాలు ఉంటే చాలు. సిస్టమ్ ఆఫ్ చేసి, పవర్ కేబుల్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క తలుపు తీశాక ముందు డబ్బా ఇనుప చట్రాన్ని చేత్తో ముట్టుకోండి, ఒంట్లోని స్టాటిక్ అందులోకి దిగిపోతుంది. స్లాట్‌కి ఎదురుగా ఉన్న రేకు తీసేసి, కార్డుని అంచులతో పట్టుకుని నిటారుగా నొక్కి కూర్చోబెట్టాలి. బంగారు పళ్లు బయటికి కనిపించకూడదు. స్క్రూ బిగించాకే యాంటెనాలు తిప్పి పెట్టండి. యాంటెనాలు లేకుండా వాడి చూసి కార్డు బాగాలేదనేవాళ్లు కూడా ఉన్నారు. పనిలో పనిగా లోపలి దుమ్ము ఊదేయండి.

డివైస్ మేనేజర్‌లో పసుపు త్రిభుజం చూపిస్తోంది. ఏం చేయాలి?

దానిమీద రెండుసార్లు నొక్కితే కోడ్ ఒకటి కనిపిస్తుంది. 28 అంటే డ్రైవర్ అసలు లేదు. 10 అంటే డ్రైవర్ ఉంది గానీ పరికరం మొదలవట్లేదు, పోర్టు మార్చి, డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి. 52 అంటే డ్రైవర్ సంతకం నచ్చలేదు, పాత విండోస్ 7లో ఎక్కువ. ఏ డ్రైవర్ కావాలో తెలియకపోతే డిటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. వీఐడీ, పీఐడీ అనే నాలుగేసి అక్షరాల గుర్తులుంటాయి, వాటితో వెతికితే చిప్పు పేరు బయటపడుతుంది. డ్రైవర్ వెతికిపెడతామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోకండి. ఒక డ్రైవర్ కోసం వెళ్తే నాలుగు చెత్త ప్రోగ్రాములు వెంట వస్తాయి.

## కనెక్ట్ చేసేటప్పుడు

పక్కింటి వైఫైలన్నీ కనిపిస్తున్నాయి, మాది మాత్రం కనిపించట్లేదు. ఫోన్‌లో బాగానే ఉంది.

డాంగిల్ బతికే ఉంది, రూటర్ మాట్లాడే భాష దానికి అర్థం కావట్లేదు. కారణాలు ఇవి కావొచ్చు.

డాంగిల్‌లో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉండి, రూటర్‌లో 2.4 ఆపేసి ఉంటే కనిపించదు. రూటర్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసి, వేరే పేరు పెట్టండి. రెండోది ఛానెల్. రూటర్ 12 లేదా 13 ఛానెల్‌లో ఉంటే కొన్ని పాత అడాప్టర్లు అక్కడి దాకా వెతకవు. 1, 6, 11లో ఒకటి పెడితే సరిపోతుంది. మూడోది చిత్రమైనది: వైఫై 6 మోడ్‌లో ఉన్న రూటర్ పేరు, పాత డ్రైవర్లున్న కొన్ని ఇంటెల్ కార్డులకు జాబితాలోనే కనిపించదు. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే కనిపిస్తుంది. అప్‌డేట్ లేకపోతే 2.4 బ్యాండ్ మీద ఆ మోడ్ ఆపేయండి.

పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా తప్పంటోంది.

అక్షరాలు చూపించే గుర్తు నొక్కి, కొట్టింది ఒకసారి కళ్లతో చూడండి. క్యాప్స్ లాక్, నమ్ లాక్, కీబోర్డు భాష తెలుగులో ఉండిపోవడం, ఈ మూడే మామూలు దొంగలు. అవి కాకపోతే రూటర్‌లో భద్రత రకం చూడండి. డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత సిస్టమ్ కలవదు, విండోస్‌లో ఆ మద్దతు 2019 నాటి విండోస్ 10లోని 1903 వెర్షన్ నుంచే మొదలైంది. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ పెట్టండి, లేదా రెండూ కలిపిన మోడ్. పాతదానికి వీలుగా ఉంటుందని వెప్ అనే పాత భద్రత రకానికి మాత్రం దిగకండి, అది 2001లోనే ఛేదించారు. రూటర్ పాస్‌వర్డ్ ఈమధ్య మార్చి ఉంటే సిస్టమ్‌లో ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్లీ కలపండి.

కనెక్టెడ్ అంటోంది, కానీ ఇంటర్నెట్ లేదంటోంది.

అదే వైఫైలో ఫోన్‌కి నెట్ వస్తోందా చూడండి. రాకపోతే తప్పు రూటర్‌దో కనెక్షన్‌దో. వస్తుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) ఆదేశం ఇచ్చి ఐపీవీ4 అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే రూటర్ దీనికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం. రూటర్, సిస్టమ్ రెండూ ఆపి ఆన్ చేయండి, అయినా అంతే అయితే రూటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (ఎంచిన పరికరాలనే రానిచ్చే సెట్టింగ్) ఉందేమో చూడండి. 192.168 లాంటి అడ్రస్ సరిగ్గా వచ్చినా సైట్లు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్‌లో (సైటు పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టి చూడండి.

ఆఫీసుల నుంచి వచ్చిన పాత సిస్టమ్‌లలో ఎవరో ఎప్పుడో చేత్తో పెట్టిన ఐపీ అడ్రసో ప్రాక్సీయో (నెట్‌కి మధ్యలో ఉండే ఆఫీసు సర్వర్) మిగిలిపోతుంటాయి. ఐపీని ఆటోమేటిక్‌కి మార్చండి, ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో ప్రాక్సీ టిక్కు తీసేయండి.

నెట్ వచ్చింది, కానీ ఏ సైటుకెళ్లినా సురక్షితం కాదు అంటోంది. వైరసా?

ముందు గడియారం చూడండి, సమయం కాదు, తేదీ. ఏళ్ల వెనకటి తేదీ కనిపిస్తే మీ జబ్బు దొరికినట్టే. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు మొదలు, ముగింపు తేదీలుంటాయి. సిస్టమ్ తాను ఇంకా 2009లోనే ఉన్నాననుకుంటే ప్రతి సర్టిఫికెట్‌నీ ‘ఇంకా మొదలు కాలేదే’ అని తిప్పి పంపిస్తుంది.

తేదీ అలా ఎందుకు వెనక్కి పోతుందంటే, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ. సీఆర్2032, 3 వోల్టులు. కొన్నేళ్లకు అది అయిపోతుంది. స్విచ్ బోర్డు దగ్గర ఆఫ్ చేసిన ప్రతిసారీ తేదీ మొదటికి వస్తుంది. బ్యాటరీ మార్చడం రెండు నిమిషాల పని, చేతి గడియారాలు బాగుచేసే చోట కూడా దొరుకుతుంది. మార్చాక బయోస్‌లో (ఆన్ చేయగానే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) తేదీ సరిచేయండి. నేను మొదటిసారి దీన్ని ఎదుర్కొన్నప్పుడు విండోస్ తీసేసి మళ్లీ వేశాను. ఒక సాయంత్రం మొత్తం పోయింది, మర్నాడు పొద్దున మళ్లీ అదే హెచ్చరిక.

తేదీ సరిగ్గానే ఉంటే బ్రౌజర్ మరీ పాతదై ఉంటుంది. కొన్ని సైట్లు మాత్రమే తెరుచుకోకపోతే 2021 సెప్టెంబరు 30న గడువు తీరిన ఒక మూల సర్టిఫికెట్ (సైట్ల సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనది) కారణం కావొచ్చు. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్లు తానే తెచ్చుకుంటుంది కాబట్టి దాంట్లో చూడండి.

వైర్‌లెస్ సర్వీస్ నడవట్లేదని చెబుతోంది.

సర్వీసెస్ జాబితా తెరిచి డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ స్టార్ట్ చేసి, ఆటోమేటిక్‌లో పెట్టండి. ఎక్స్‌పీలో దాని పేరు వైర్‌లెస్ జీరో కాన్ఫిగరేషన్.

## వాడుతున్నప్పుడు

ఫోన్‌లో వేగం బాగుంది, డెస్క్‌టాప్‌లో మాత్రం నత్తనడక. డాంగిల్ మార్చాలా?

మార్చేముందు ఫోన్‌ని తెచ్చి సరిగ్గా డాంగిల్ ఉన్నచోట పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. సోఫాలో కూర్చుని చేస్తే లెక్కలోకి రాదు. అక్కడ ఫోన్‌కీ తక్కువే వస్తే తప్పు చోటుది. ఫోన్‌కి 80, డాంగిల్‌కి 10 వస్తే డాంగిల్ 2.4లో చిక్కుకుందేమో చూసి 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. మధ్యలో రెండు మూడు గోడలుంటే 2.4 దే పైచేయి, ఎందుకంటే 5 వేగమైనదే గానీ గోడలు దాటడంలో వెనకబడుతుంది.

రెండిట్లోనూ టెస్ట్ అంకె ఒకటే వచ్చి, పేజీలు మాత్రం ఆలస్యంగా తెరుచుకుంటే వైఫై నిర్దోషి. 2 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌కి ఇప్పటి పేజీలు బరువే. ఆ డబ్బు డాంగిల్ మీద కాకుండా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) మీద పెట్టండి.

కాసేపు బాగానే వచ్చి కట్ అయిపోతోంది. మళ్లీ దానంతటదే వస్తోంది.

డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ మీద పవర్ మేనేజ్‌మెంట్ తెరవండి. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అన్న టిక్కు తీసేయండి. ప్లగ్‌లో ఉండే డెస్క్‌టాప్‌కి ఆ పొదుపు అవసరమే లేదు. అయినా తగ్గకపోతే డాంగిల్ ముట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే గాలి తగిలే చోటికి మార్చండి. పవర్ అడాప్టర్ లేని యూఎస్‌బీ హబ్‌కి పెట్టి ఉంటే అక్కడి నుంచి తీసి నేరుగా పెట్టండి. ఒక యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులే, హబ్‌లో అందరూ దాన్నే పంచుకోవాలి.

షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే డాంగిల్ కనపడదు. రీస్టార్ట్ చేస్తే వస్తుంది. ఏంటీ వింత?

విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆగడం కాదు. ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలోకి వెళ్తుంది, లేచేటప్పుడు కొన్ని పాత డ్రైవర్లు తడబడతాయి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి.

లాన్ కేబుల్, వైఫై రెండూ ఒకేసారి ఉంచొచ్చా?

ఉంచొచ్చు. విండోస్ మామూలుగా కేబుల్‌నే వాడుకుంటుంది. వేగాలు రెండూ కూడి రెట్టింపు మాత్రం కావు.

ఈ డెస్క్‌టాప్‌కి ఉన్న ప్రింటర్‌ని లాప్‌టాప్ నుంచి వాడాలంటే కనిపించట్లేదు.

డెస్క్‌టాప్‌లో ఆ వైఫై పబ్లిక్ అని నమోదై ఉంటుంది. ప్రైవేట్‌కి మార్చి, ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయండి. రెండూ ఒకే వైఫై పేరు మీద ఉండాలి. ఒకటి గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం రూటర్ ఇచ్చే విడి వైఫై) ఉంటే రూటర్ ఒకదానికొకటి కనపడనివ్వదు.

పాత విండోస్‌తో నెట్‌లోకి వెళ్తే ప్రమాదమేనా?

ప్రమాదం ఉంది, కానీ ఏం చేస్తున్నారన్నదాన్ని బట్టి. విండోస్ 7కి మద్దతు 2020 జనవరి 14న, 8.1కి 2023 జనవరి 10న, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిశాయి. 7లో క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్‌ఆర్ (దీర్ఘకాల మద్దతు) శ్రేణి చివరిది. విండోస్ 11కి టీపీఎం 2.0 (ఒక భద్రతా చిప్పు) కావాలి, పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి అది ఉండదు.

నా ఉద్దేశంలో నెట్ కోసమే వాడే పాత సిస్టమ్‌కి లినక్స్ మింట్ లాంటిది వేసుకోవడమే సుఖం. విండోస్ ప్రోగ్రామ్ ఏదో తప్పనిసరై పాతదే ఉంచాలంటే దాన్ని రూటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కి కలపండి. అప్పుడు దానికి ఏదైనా అంటుకున్నా ఇంట్లోని మిగతా ఫోన్లకు, లాప్‌టాప్‌లకు తేలిగ్గా పాకదు. డబ్బు లావాదేవీలు ఫోన్‌లో చేసుకోండి.

ఎన్ని చేసినా రావట్లేదు. పాడైంది డాంగిలా, సిస్టమా?

డాంగిల్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టండి. అక్కడ కూడా రాకపోతే డాంగిల్ పోయింది, వాపసు ఇచ్చే గడువు ఉందేమో చూడండి. అక్కడ వస్తే, ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ లైవ్ వేసి మీ డెస్క్‌టాప్‌ని దాంతో ఆన్ చేయండి. లైవ్ అంటే ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా, హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండా నడిచేది. అందులో వైఫై వస్తే పోర్టులూ బోర్డూ బాగానే ఉన్నాయి, చిక్కు విండోస్‌లోనో డ్రైవర్‌లోనో ఉంది. అందులోనూ రాకపోతే అదే పోర్టులో ఒక మామూలు పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. అదీ కనిపించకపోతే పోర్టు పోయినట్టే, పక్క పోర్టులో ప్రయత్నించండి. పెన్‌డ్రైవ్ కనిపించి డాంగిల్ కనిపించకపోతే ఆ చిప్పుకి ఆ లినక్స్‌లో డ్రైవర్ లేకపోయి ఉండొచ్చు, కాబట్టి వేరే చిప్పున్న డాంగిల్‌ని ఎవరి దగ్గరైనా ఒక గంట అడిగి తెచ్చి చూడండి.